తప్పు మంత్రులదా, సింహాసనానిదా

1776 జనవరి 10న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో రాబర్ట్ బెల్ అనే ముద్రాపకుడు ఒక చిన్న పుస్తకాన్ని అమ్మకానికి పెట్టాడు. పేరు 'కామన్ సెన్స్'. వెల రెండు షిల్లింగులు. ఎవరు రాశారో అందులో లేదు. అప్పటికి తొమ్మిది నెలలుగా పదమూడు అమెరికా వలసలు బ్రిటిష్ సైన్యంతో పోరాడుతున్నాయి. అయినా వాటి తరఫున కూర్చున్న కాంగ్రెస్ మహాసభ స్వాతంత్ర్యం కావాలని మాట వరసకైనా తీర్మానించలేదు. పైగా పెన్సిల్వేనియా శాసనసభ 1775 నవంబరులో, విడిపోదామన్న ప్రతిపాదన వస్తే ఎదిరించండని తన ప్రతినిధులకు ఆదేశమిచ్చింది. ఆ తరువాత ఎనిమిది నెలలకల్లా అదే మహాసభ స్వాతంత్ర్యం ప్రకటించింది. మధ్యలో మారినదేమిటి? పన్నుల గొడవ పదేళ్ల నాటిది. నెత్తురు అప్పటికే చిందింది. కొత్తగా వచ్చినది ఒక వాదం. తప్పు రాజు చుట్టూ ఉన్న మంత్రులది కాదు, రాజు కూర్చున్న సింహాసనానిదే అన్న వాదం. పరాయి రాజు ఏలుబడిలో ఉన్న ఏ ప్రజలైనా ఈ వాదాన్ని ఒప్పుకున్నాకనే స్వాతంత్ర్యం వైపు నడవగలరని, అంతకు ముందు వాళ్లు చేసేదంతా అర్జీలు పెట్టడమేనని నా నమ్మకం. ఆ సంగతే ఈ ప్రసంగంలో వివరిస్తాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనకొక సామెత ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా వలసల రాజకీయమంతా ఈ సామెత మీదే నడిచింది. 1765లో స్టాంపు చట్టం వచ్చింది. పత్రికలకూ దస్తావేజులకూ లైసెన్సులకూ పన్ను కట్టిన స్టాంపు కాగితమే వాడాలన్నారు. జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాది చట్టం రద్దయింది. రద్దు చేసినది పార్లమెంటు, కానీ న్యూయార్కు ప్రజలు కృతజ్ఞత తెలిపినది మూడో జార్జి రాజుకు. సీసంతో పోతపోసి బంగారు పూత పూసిన ఆయన విగ్రహాన్ని తెప్పించి 1770లో నగరం నడిబొడ్డున నిలబెట్టారు. ఈలోగా తేయాకు మీద సుంకం వచ్చింది, 1773లో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పడ్డాయి, 1774లో ఆ రేవునే మూసేశారు. ఇంత జరిగినా పండితులు చెబుతూ వచ్చినది ఒకటే: మాపై చట్టం చేసే హక్కు పార్లమెంటుకు లేదు, మేము విధేయులమై ఉండవలసింది రాజుకు మాత్రమే. థామస్ జెఫర్సన్ అంతటివాడు 1774లో రాసిన పత్రంలో కూడా రాజును గట్టిగా మందలించాడే గాని, రాజరికం వద్దనలేదు. లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాక, బంకర్ హిల్ దగ్గర వందలమంది చనిపోయాక, 1775 జులైలో మహాసభ రాజుకు మరో విన్నపం పంపింది. మంత్రుల బారినుంచి మమ్మల్ని కాపాడమని అందులో వేడుకుంది. రాజు దాన్ని అందుకోలేదు. ఆగస్టు 23న వలసల వాళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు.

ఆ విన్నపాన్ని రాసిన వాళ్లు పిరికివాళ్లు కారు. వాళ్లను కట్టేసినది భయం కాదు, ఆలోచనలోని ఒక కొరత. రాజు ధర్మాత్ముడని నమ్మినంత కాలం ప్రతి అన్యాయమూ ఆయనకు తెలియకుండా జరిగినదే అవుతుంది. ప్రతి అన్యాయానికీ ఆయనకు తెలియజేయడమే మందు అవుతుంది. ఈ నమ్మకాన్ని ఏ సాక్ష్యమూ కదిలించలేదు, ఎందుకంటే వచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ అది మంత్రుల ఖాతాలో జమ చేసుకుంటుంది. బయటినుంచి వచ్చే దెబ్బలతో కూలని ఇలాంటి నమ్మకాన్ని లోపలినుంచి ప్రశ్నించాలి. రాజు మంచివాడా చెడ్డవాడా అని కాకుండా, రాజు ఎందుకు అని అడగాలి. 'కామన్ సెన్స్' రాసిన టామస్ పెయిన్ అడిగినది అదే.

పెయిన్ అమెరికాలో పుట్టినవాడు కాడు. ఇంగ్లండులోని థెట్‌ఫోర్డ్ వాడు. ఆడవాళ్లు నడుముకు బిగించుకునే పట్టీలు కుట్టే పని తండ్రి దగ్గర నేర్చాడు. తరువాత ఎక్సైజు శాఖలో చిన్న ఉద్యోగం. జీతాలు పెంచమని తోటి ఉద్యోగుల తరఫున 1772లో పార్లమెంటు సభ్యుల కోసం ఒక పత్రం రాశాడు. ఫలితం లేదు, రెండేళ్లకు ఉద్యోగమూ పోయింది. లండన్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖలు పట్టుకొని 1774 నవంబరు చివర ఫిలడెల్ఫియాలో దిగాడు. అర్జీ అంటే ఏమిటో, దానికి పైనుంచి వచ్చే మౌనం ఏమిటో ఇంగ్లండులోనే తెలుసుకున్న మనిషి. తన వాదానికి ఆధారంగా, చదువరులకు తెలిసిన లాటిన్ ఉటంకింపులు కాకుండా, ప్రతి ఇంట్లో ఉండే బైబిలును తీసుకున్నాడు. ఇజ్రాయెలు ప్రజలు తమకు రాజు కావాలని అడిగినప్పుడు సమూయేలు ప్రవక్త ఎంతగా హెచ్చరించాడో గుర్తుచేశాడు. రాజరికం దైవదత్తమని చర్చిలో విన్న రైతుకు, ఆ గ్రంథంలోనే రాజరికం తప్పుగా కనబడుతోందని చూపించాడు. ఇంగ్లండు రాజవంశపు మొదటి పురుషుడైన విలియం ఎవరు? ఫ్రాన్సు నుంచి ఆయుధాలతో వచ్చి స్థానికుల ఇష్టం లేకుండా గద్దెనెక్కినవాడు. మొదలు అలాంటిదైతే, ఆ కొడుకులకూ మనమలకూ వచ్చిన హక్కు ఎక్కడిది? ఒక తరం ఒక మనిషిని తమ నాయకుడిగా ఎన్నుకున్నా సరే, పుట్టబోయే తరాల మెడకు అతని సంతానాన్ని తగిలించే అధికారం ఆ తరానికి లేదు. ఇదీ ఆయన తర్కం. రెండువందల యాభై ఏళ్లుగా దీనికి సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

సింహాసనం మీద భక్తి తొలగించాక, మిగతా వాదన లెక్కల పుస్తకంలా సాగుతుంది. ఇంగ్లండు మమ్మల్ని కాపాడిందంటారు. కాపాడినది తన వ్యాపారాన్ని, తన శత్రువుల నుంచి. స్పెయిన్‌తోనో ఫ్రాన్సుతోనో అమెరికాకు పగ ఏముంది? బ్రిటిష్ రాజుతో ముడిపడి ఉండటమే ఆ పగకు కారణం. ఇంగ్లండు మాతృదేశమంటారు. తానుంటున్న పెన్సిల్వేనియాలో మూడో వంతు మంది కూడా ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు కారని పెయిన్ గుర్తుచేశాడు. అక్కడ జర్మన్లు ఎంతమంది ఉన్నారంటే, ఆయన పుస్తకం అదే ఏడాది ఫిలడెల్ఫియాలోనే జర్మన్ భాషలో కూడా అచ్చయింది. వ్యాపారం పోతుందంటారు. అమెరికా పండించేది తిండిగింజలు, యూరపు తినడం మానేసే దాకా వాటికి గిరాకీ ఉంటుంది. ఇక దూరం. మూడు నాలుగు వేల మైళ్ల అవతలికి అర్జీ పంపి, జవాబు కోసం నెలల తరబడి కాచుకొని, వచ్చిన జవాబుకు అర్థం చెప్పించుకోవడానికి మళ్లీ నెలలు కాచుకునే పాలన ఒక ఖండానికి ఎలా సరిపోతుంది? ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. 1775 అక్టోబరు 26న రాజు పార్లమెంటులో చేసిన ప్రసంగం ఫిలడెల్ఫియాకు చేరినది 1776 జనవరిలో. నా దృష్టిలో వీటన్నిటికన్నా బలమైనది విదేశీ సహాయాన్ని గురించిన వాదన. మేము బ్రిటిష్ రాజు ప్రజలమని చెప్పుకున్నంత కాలం ఫ్రాన్సు కళ్లలో మేము కేవలం తిరుగుబాటుదారులం. తిరుగుబాటుకు సాయం చేయడం ఏ రాజుకైనా తన ఇంటికి తాను నిప్పు పెట్టుకోవడమే. విడిపోయామని లోకానికి చాటితేనే ఒప్పందాలకు వీలుంటుంది. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్సుతో కుదిరిన కూటమి ఈ మాటను అక్షరాలా రుజువు చేసింది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. అమెరికన్ల మనసు మార్చినది ఒక పుస్తకమా, లేక జరిగిన సంఘటనలా? 1775 అక్టోబరులో బ్రిటిష్ నౌకలు ఫాల్మత్ పట్టణాన్ని తగలబెట్టాయి. డిసెంబరులో పార్లమెంటు వలసల వ్యాపారం మొత్తాన్ని నిషేధించింది. జర్మన్ సంస్థానాల నుంచి కిరాయి సైనికులు వస్తున్నారన్న కబురు తెలిసింది. ఇవి లేకుండా పెయిన్ మాట అంతగా పాకేది కాదన్నది నిజమే. పుస్తకం అమ్మకాల మీద కూడా గొప్పలు చాలా ఉన్నాయి. మూడు నెలల్లో లక్షా ఇరవై వేల ప్రతులని రచయితే చెప్పుకున్నాడు. తరువాతి వాళ్లు ఐదు లక్షల దాకా పెంచారు. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది ఆ లెక్కల్ని నమ్మరు. ఒక్క ఏడాదిలో ఇరవైకి పైగా ముద్రణలు వచ్చిన మాట మాత్రం ఖాయం. జార్జి వాషింగ్టన్ ఆ జనవరి నెలాఖరులోనే ఒక ఉత్తరంలో ఈ పుస్తకం వాదాన్ని కాదనలేనిదని మెచ్చుకున్నాడు. అయితే సంఖ్యలతో నాకు పెద్ద పట్టింపు లేదు. ఊళ్లు తగలబడటం 1775లోనూ జరిగింది, ఆ ఏడాది ప్రజలు దాన్ని మంత్రుల దుర్మార్గంగానే చదివారు. 1776లో అదే సంఘటనను రాజు చేసిన పనిగా చదివారు. సంఘటన తనకు తానే అర్థం చెప్పదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మార్పుకు సాక్ష్యం స్వాతంత్ర్య ప్రకటనలోనే ఉంది. అందులోని ఆరోపణలన్నీ వరసగా రాజు మీదే. పార్లమెంటు అన్న పేరు ఒక్కసారి కూడా రాదు. పదేళ్లపాటు పార్లమెంటుతో పోట్లాడినవాళ్లు చివరికి దాని పేరైనా ఎత్తకుండా, రాజునే ముద్దాయిగా నిలబెట్టారు. ఆ ప్రకటనను న్యూయార్కులో చదివి వినిపించిన జులై 9 సాయంత్రమే జనం వెళ్లి, తాము నిలబెట్టుకున్న రాజు విగ్రహాన్ని కూలదోశారు. ఆ సీసం కరిగి తుపాకీ గుండ్లయింది.

ఆనాటి ప్రత్యర్థులు తెలివితక్కువవాళ్లేమీ కారు. మేరీలాండుకు చెందిన జేమ్స్ చామర్స్ మారుపేరుతో, న్యూయార్కు మతాచార్యుడు చార్లెస్ ఇంగ్లిస్ మరో పుస్తకంతో జవాబులు రాశారు. రాజు, ప్రభువులు, ప్రజాప్రతినిధులు ఒకరినొకరు అదుపులో పెట్టుకునే ఇంగ్లండు ఏర్పాటు లోకంలోకెల్లా మేలైనదని, వంశపారంపర్యం లేకపోతే గద్దె కోసం అంతర్యుద్ధాలు తప్పవని వాళ్ల వాదన. మొదటిదానికి పెయిన్ జవాబు సూటిగా ఉంది: ప్రజాప్రతినిధులు రాజును అదుపు చేయాలంటే రాజు నమ్మదగినవాడు కాడని ఒప్పుకున్నట్టే. నమ్మదగని వాడి చేతికి మళ్లీ ఆ ప్రతినిధులను అదుపు చేసే అధికారం ఇవ్వడమేమిటి? రెండోదానికి చరిత్రనే లెక్కపెట్టి చూపాడు. విలియం దండయాత్ర తరువాత ఇంగ్లండులో ఎనిమిది అంతర్యుద్ధాలూ పంతొమ్మిది తిరుగుబాట్లూ జరిగాయన్నాడు. గులాబీల యుద్ధాలంటూ తరాల పాటు దేశం నెత్తురోడినది వారసత్వం లేకపోవడం వల్ల కాదు, ఇద్దరు వారసులు ఉండటం వల్ల. ఇక్కడొక మాట చెప్పి తీరాలి. ఇంగ్లిస్ పుస్తకం మొదటి ముద్రణను న్యూయార్కులో దేశభక్తుల గుంపు ఎత్తుకుపోయి తగలబెట్టింది. అది తప్పు. వాదంలో గెలుస్తున్న పక్షానికి ఆ పని అవసరం కూడా లేదు.

స్వపక్షం నుంచి వచ్చిన విమర్శ ఇంకా లోతైనది. జాన్ ఆడమ్స్ స్వాతంత్ర్యాన్ని ముందుగా కోరినవాళ్లలో ఒకడు. పెయిన్‌కు పడగొట్టడం తెలిసినంతగా కట్టడం తెలియదన్నది ఆయన అభిప్రాయం. ఒకే సభ చేతిలో అధికారమంతా పెడితే ఆ సభే నిరంకుశమవుతుందని భయపడి, ఆ వసంతంలోనే తన ప్రణాళికను వేరే అచ్చువేయించాడు. ఈ విషయంలో ఆడమ్స్‌దే ఒప్పు అనిపిస్తుంది. రాజును తీసేస్తే నియంతృత్వం పోదు. రిపబ్లిక్ అని పేరు పెట్టుకొని ప్రజల నోళ్లు నొక్కిన అధ్యక్షులను ఇరవయ్యో శతాబ్దం ఎంతమందిని చూసిందో మనకు తెలుసు. కానీ పెయిన్ దీన్ని పూర్తిగా విస్మరించలేదు. మీకు రాజు ఎవరని ఎవరైనా అడిగితే చట్టమే రాజని చెప్పాలని, కిరీటాన్ని తెచ్చి ఆ చట్టం మీద పెట్టి, తరువాత దాన్ని ముక్కలు చేసి ప్రజలందరికీ పంచాలని రాశాడు. అంటే ఖాళీ అయిన సింహాసనం మీదికి మరో మనిషి ఎక్కకూడదు. ఆయన వ్యతిరేకత మనిషి మీద కాదు, పదవి మీద. దీనికి ఆయన జీవితమే సాక్షి. 1793లో ఫ్రెంచి మహాసభ సభ్యుడిగా పదహారో లూయీకి మరణశిక్ష వద్దని వాదించి, ఆ తరువాత అదే ప్యారిస్‌లో జైలు పాలయ్యాడు.

మరి కెనడా, ఆస్ట్రేలియా? అవి రాజును ఉంచుకొనే స్వతంత్ర దేశాలయ్యాయి కదా, అమెరికన్లు ఆగి ఉంటే యుద్ధం లేకుండానే అంతా దక్కేది కదా అంటారు. ఈ ప్రశ్నలో ఒక ముఖ్యమైన సంగతి దాగిపోతోంది. కెనడాకు బాధ్యతాయుత ప్రభుత్వం ఊరికే రాలేదు, 1837-38 తిరుగుబాట్ల తరువాత వచ్చింది. అమెరికా చేజారిన అనుభవం లేకపోతే లండన్ ఆ మాత్రమైనా దిగివచ్చేదా అన్నది నాకు సందేహమే. పైగా ఆ దేశాల్లో రాజు నిరపాయంగా ఉన్నది రాజుగా ఏమీ చేయనంత కాలమే. 1975 నవంబరు 11న ఆస్ట్రేలియాలో రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ జాన్ కెర్, దిగువ సభలో ఆధిక్యం ఉన్న ప్రధాని గఫ్ విట్లామ్‌ను పదవి నుంచి తొలగించాడు. తరువాతి ఎన్నికల్లో విట్లామ్ ఓడిపోయిన మాట నిజమే. కానీ ఓడించవలసినవాళ్లు ఓటర్లు. ఎవరూ ఎన్నుకోని అధికారి కాదు. బార్బడోస్ 1966లో స్వతంత్రమై, 2021 నవంబరు 30న రాణిని వదిలి రిపబ్లిక్ అయింది. యాభై అయిదేళ్ల తరువాతైనా ఆ మిగిలిన అడుగు వేయక తప్పలేదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ బానిసత్వానిది. దాదాపు పాతిక లక్షల జనాభాలో అయిదో వంతు మంది బానిసలు. వర్జీనియా గవర్నర్ డన్మోర్ 1775 నవంబరులో, తిరుగుబాటుదారుల బానిసలు రాజు సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. ఆ మనుషుల దృష్టిలో స్వాతంత్ర్యం ఏ వైపున ఉంది? పెయిన్ పుస్తకం నల్లవాళ్లనూ ఆదివాసులనూ బ్రిటన్ మాపై ఉసిగొల్పిందని నిందించిందే గాని, ఈ ప్రశ్నను తాకలేదు. అది ఆ పుస్తకానికి పెద్ద మచ్చ. జెఫర్సన్ తాను రాసిన స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని కూడా రాజు మీదే మోపాడు, మహాసభ ఆ భాగాన్ని కొట్టేసింది. తప్పంతా సింహాసనానిదే అనడం ఒక్కోసారి మన తప్పు దాచుకునే సాకు కూడా అవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా వాదం దాన్ని వాడినవాళ్ల పరిధిలో ఆగిపోలేదు. 1777 జనవరిలోనే మసాచుసెట్స్‌లో ప్రిన్స్ హాల్ తదితర నల్లజాతివారు, మీరు బ్రిటన్‌తో వాదించిన ప్రతి సూత్రమూ మా విషయంలో ఇంకా బలంగా వర్తిస్తుందని శాసనసభకు అర్జీ పెట్టారు. పుట్టుక వల్ల ఒకడు రాజు కాకూడదంటే, పుట్టుక వల్ల మరొకడు బానిస కాకూడదు. పుట్టుక వల్ల అంటరానివాడూ కాకూడదు. ఆ చివరి మెట్టు ఎక్కినవాడు మన జోతిరావు ఫూలే. పెయిన్ రాసిన 'రైట్స్ ఆఫ్ మ్యాన్' చదివి ప్రభావితుడైన ఫూలే, 1873లో తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

మన దేశం కూడా ఈ దారినే నడిచింది, చాలా నెమ్మదిగా. 1858లో విక్టోరియా రాణి చేసిన ప్రకటనను మన పెద్దలు తమ హక్కుల పత్రంగా చూసుకున్నారు. 1885లో కాంగ్రెస్ తొలి సమావేశం రాణికి జేజేలతో ముగిసింది. 1911లో ఢిల్లీ దర్బారులో అయిదో జార్జి స్వయంగా బెంగాల్ విభజనను రద్దు చేస్తే, రాజు మంచివాడన్న నమ్మకం మళ్లీ చిగురించింది. కిరీటం కింద డొమినియన్ హోదా చాలునా, పూర్ణ స్వరాజ్యం కావాలా అన్న తర్జనభర్జన 1929 డిసెంబరులో లాహోరులో గాని తేలలేదు. నిజాం రాజ్యంలోనూ అంతే. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ అడిగినది నిజాం ఛత్రం కిందనే బాధ్యతాయుత ప్రభుత్వం. ఆ కొద్దిపాటి కోరికకే నిషేధం వచ్చింది. దొరల మీద, దేశ్‌ముఖుల మీద మొదలైన రైతుల పోరాటం గద్దెనే ప్రశ్నించేదాకా వెళ్లింది. 1947 ఆగస్టు 15 తరువాత కూడా ఇండియాకు రాజు ఆరో జార్జే. 1950 జనవరి 26తో గాని ఆ బంధం తెగలేదు. హైదరాబాదులో నిజాం 1956 అక్టోబరు నెలాఖరు దాకా రాజప్రముఖ్‌గా కొనసాగారు. పుట్టుక వల్ల వచ్చిన రాజ బిరుదులకూ భరణాలకూ మన రాజ్యాంగంలో మిగిలిన గుర్తింపును 1971 డిసెంబరులో ఇరవై ఆరో సవరణ రద్దు చేసింది.